గోల్ కొట్టని వాడికి ఇంత అభిమానమా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఐర్లండ్‌కు వచ్చి ఏడాది దాటింది. టిప్పరేరీ కౌంటీకి చెందిన నా సహోద్యోగులు, కర్రతో బంతిని కొడుతూ ఆడే ఇక్కడి సంప్రదాయ ఆట హర్లింగ్ గురించి మాట్లాడినప్పుడల్లా, గోల్స్ కొట్టిన వీరుల కంటే ప్యాట్రిక్ ‘బానర్’ మాహర్ అనే ఆటగాడి పేరే ఎక్కువ ప్రేమగా తలుచుకుంటారు. అతను పెద్దగా స్కోరు చేసే ఆటగాడు కాడని కూడా వాళ్లే చెబుతారు. మరి అంత అభిమానం దేనికి?

జవాబు: గోల్‌కీపర్ బంతిని తిరిగి ఆటలోకి పంపే క్షణం నుంచి గమనిస్తే మీ సహోద్యోగుల అభిమానం తేలిగ్గా అర్థమవుతుంది. ఎవరైనా స్కోరు చేసినా, బంతి గురి తప్పి గోల్ పక్కనుంచి బయటికి పోయినా, గోల్‌కీపర్ దాన్ని పైకి ఎగరేసి హర్లీ కర్రతో దూరంగా కొడతాడు. దీన్ని పకౌట్ అంటారు. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు ఉంటుంది. అందులో సగానికి పైగా గాలిలోనే దాటి వచ్చే బంతి కోసం హాఫ్ ఫార్వర్డ్‌లూ (దాడి చేసే జట్టులో మైదానం మధ్యకు దగ్గరగా ఉండే వరస), వాళ్లను కాపు కాసే డిఫెండర్లైన హాఫ్ బ్యాక్‌లూ భుజాలు రాసుకుంటూ ఎదురుచూస్తుంటారు. ఈ పోటీలో ఫార్వర్డ్‌కే కష్టం ఎక్కువ. అతను దాడి చేయవలసిన గోల్ వీపు వెనక ఉంటుంది కాబట్టి, బంతిని అందుకోవాలి, కర్రల మధ్య కాపాడుకోవాలి, ఆ పైన వెనక్కి తిరగాలి. డిఫెండర్‌కు ఇవేవీ అక్కర్లేదు. బంతిని అందకుండా చెదరగొడితే చాలు, అతని పని అయిపోయినట్టే.

మాహర్ ఆట చాలావరకు ఈ కష్టమైన చోటే సాగింది. బంతి నేలమీద నలుగురి కర్రల మధ్య ఇరుక్కుంటే దాన్ని నేరుగా చేత్తో తీయడానికి నిబంధనలు ఒప్పుకోవు, కర్రతోనే లేపాలి. అలా వంగిన వాడి వేళ్లమీదా మోచేతులమీదా దెబ్బలు పడుతూనే ఉంటాయి. అతను తల వంచుకుని అక్కడికే వెళ్లేవాడు. బంతి చిక్కాక పక్కకు తప్పుకోకుండా తిన్నగా గోల్ వైపు పరుగెత్తేవాడు. ఆ పరుగును ఆపకపోతే ప్రమాదమని ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు తాము కాపు కాస్తున్న వాళ్లను వదిలేసి అతని మీదికి వచ్చేవారు. బంతిని చేతిలో పట్టుకుని నాలుగు అడుగులకు మించి వేయకూడదు కనుక ఆలోచించుకోవడానికి సమయం ఉండదు. అయినా సరిగ్గా ఆ క్షణంలోనే, ఖాళీగా మిగిలిన సహచరుడికి బంతిని చేత్తో తట్టి అందించేవాడు. స్కోరు ఆ సహచరుడి పేరున పడేది.

కౌంటీ జట్ల మధ్య జరిగే అఖిల ఐర్లండ్ పోటీ 2010 ఫైనల్‌ను మీ సహోద్యోగులు తప్పక తలుచుకునే ఉంటారు. 2006 నుంచి వరసగా నాలుగుసార్లు గెలిచిన కిల్కెన్నీ కౌంటీ ఐదోసారి కూడా గెలవాలని డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో అడుగుపెట్టింది. టిప్పరేరీ 4-17, 1-18 తేడాతో ఆ జైత్రయాత్రకు అడ్డుకట్ట వేసింది. గోల్‌కు మూడు పాయింట్లు, క్రాస్‌బార్ మీదుగా పోయిన బంతికి ఒక పాయింటు కాబట్టి ఆ అంకెల అర్థం 29, 21. మూడు గోల్స్ కొట్టిన లార్ కార్బెట్ పేరు చరిత్రకెక్కింది, అది న్యాయమే. ఆ ఏడాదే సీనియర్ జట్టులోకి వచ్చిన మాహర్ చేసిన పని ఆ అంకెల్లో కనబడదు. కానీ కిల్కెన్నీ డిఫెండర్లను ఊపిరి తీసుకోనివ్వకుండా వెంటాడిన శ్రమ లేకుండా ముందు వరసకు అలాంటి బంతులు అందవని ఆట తెలిసిన ప్రతి ప్రేక్షకుడికీ తెలుసు.

2016లో మళ్లీ కిల్కెన్నీ మీదే టిప్పరేరీ గెలిచినప్పుడూ అతను జట్టులో ఉన్నాడు. 2019లో మాత్రం వేసవిలోనే మోకాలి లిగమెంట్ తెగడంతో, టిప్పరేరీ కప్పు అందుకున్న ఫైనల్‌లో ఆడలేకపోయాడు. శరీరాన్ని ఏమాత్రం దాచుకోకుండా ఆడిన వాడికి ఆ రోజు దూరం కావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత కోలుకుని మళ్లీ కౌంటీకి ఆడాడు.

ప్రశ్న: హర్లింగ్ ఆటగాళ్లకు జీతం ఉండదని విన్నాను. నిజమేనా? అభిమానుల ప్రేమకు అదీ ఒక కారణమా?

జవాబు: నిజమే. 1884 నవంబరు 1న టిప్పరేరీలోని థర్లెస్ పట్టణంలో, హేస్ హోటల్‌లో ఏర్పడిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఈనాటికీ ఈ ఆటను ఔత్సాహికుల ఆటగానే నడుపుతోంది. ఎనభై వేలకు పైగా ప్రేక్షకులు పట్టే క్రోక్ పార్క్‌లో ఆదివారం ఫైనల్ ఆడిన వాడు కూడా, పండగ సద్దుమణిగాక, తిరిగి తన ఉద్యోగానికో వ్యవసాయానికో వెళ్లవలసిందే. సాధన అంతా పని గంటలు ముగిశాకే.

అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉందని నా అభిప్రాయం. ఇక్కడ క్లబ్బు అంటే చర్చి పరిధిలోని ఆ చిన్న ప్రాంతమే, అంటే ప్యారిష్. ఆటగాడు సాధారణంగా తాను పుట్టి పెరిగిన ప్యారిష్‌కే ఆడతాడు, ఆ కౌంటీ తరఫునే పెద్ద పోటీలకు వెళతాడు. మాహర్ క్లబ్బు లొర్రా-డొర్రా, టిప్పరేరీ ఉత్తరపు కొసన ఉన్న పల్లె ప్రాంతం. డబ్బిచ్చి మరో కౌంటీ నుంచి గొప్ప ఆటగాణ్ని తెచ్చుకునే వీలులేని చోట, ఉన్నవాళ్లు ఎంత ఇస్తే జట్టుకు అంతే బలం. అందుకే గ్యాలరీలో కూర్చున్న పెద్దలు మొదట చూసేది ఆటగాడి నైపుణ్యాన్ని కాదు, పోయిన బంతి కోసం అతను వెనక్కి పరుగెత్తాడా లేదా అని. బహుమానం ఆశించకుండా అలా పరుగెత్తిన వాణ్ని వాళ్లు సొంత బిడ్డలా చూసుకుంటారు.

ప్రశ్న: మ్యాచ్ చూసేటప్పుడు నా కళ్లు బంతి వెంటే పోతున్నాయి. ఇలాంటి ఆటగాడి శ్రమను గుర్తించడం ఎలా?

జవాబు: హుక్, బ్లాక్ అనే రెండు పనులను గమనించండి. ప్రత్యర్థి బంతిని కొట్టడానికి కర్ర ఎత్తినప్పుడు వెనకనుంచి తన కర్రను చాచి అతని కర్రను అడ్డుకోవడం హుక్, ఎదురుగా వెళ్లి దెబ్బను కర్రతోనే ఆపడం బ్లాక్. రెండింటికీ కావలసింది సరైన సమయానికి అక్కడ ఉండటం, అంటే అంతకుముందు ఎవరూ చూడని ముప్పై నలభై మీటర్ల పరుగు. కౌంటీ జట్ల విశ్లేషకులు వీటిని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. 1973 తర్వాత 45 ఏళ్లు ఎదురుచూసి 2018లో ఐర్లండ్ విజేతగా నిలిచిన లిమరిక్ కౌంటీ జట్టులో గెరోడ్ హెగర్టీ, టామ్ మారిసీ వంటి హాఫ్ ఫార్వర్డ్‌లు పాయింట్లతో పాటు ఈ వెంటాడే పనికీ పేరుపొందారు.

వీలైతే స్టేడియంలో పై వరసలో కూర్చోండి. టీవీ కెమెరా బంతిని అనుసరిస్తుంది కానీ, పై నుంచి చూస్తే పకౌట్‌కు ముందు ఎవరు ఎవరికి చోటు చేసి పక్కకు జరుగుతున్నారో కనిపిస్తుంది. మ్యాచ్ చివరి పది నిమిషాల్లో, అందరి కాళ్లూ బరువెక్కాక, ఒక ఫార్వర్డ్ తన గోల్ దాకా వెనక్కి పరుగెత్తి హుక్ వేసినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఎలా లేచి నిలబడతారో చూడండి.