గుత్తకిచ్చిన తోటలో గంజాయి మొక్కలు: చూశాక తీసుకున్న డబ్బే అసలు చిక్కు

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాన్న పోయాక 3 ఎకరాల తోతాపురి తోటను తెలిసినతనికి నోటిమాట మీద గుత్తకిచ్చి, ఉద్యోగం కోసం తిరుపతిలో ఉంటున్నాను. కౌలు కార్డుకు సంతకం పెట్టమని అతను అడిగితే పెట్టలేదు, పంటనష్టం డబ్బు అతనికి పోతుందేమోనని ఈ-క్రాప్‌లో, అంటే సర్కారు పంట నమోదులో, సాగుదారుగా నా పేరే వేయించుకున్నాను. ఈ మధ్య తోటకు వెళితే మామిడి చెట్ల నడుమ, కంది సాళ్ల వెనక గంజాయి మొక్కలు కనిపించాయి. మోటారు రూములో విత్తనాలను ఏ మొక్కవి ఆ మొక్కకు విడిగా పొట్లాలు కట్టి నంబర్లు వేసి పెట్టాడు. ఆ రూము తాళం చెవి నా దగ్గర కూడా ఒకటి ఉంది. నిలదీస్తే ‘గొడవ చేయొద్దన్నా, ఇంకో 20 రోజుల్లో కోసేస్తా, ఆకులూ విత్తనాలూ నేరం కాదులే’ అన్నాడు. తర్వాతి వారం గుత్త బాకీ కింద 40 వేలు ఫోన్‌పేలో వేశాడు. అమ్మకు బీపీ పెరిగింది, నాకు నిద్ర లేదు. రాత్రికి రాత్రి పీకి తగలబెట్టేద్దామని మా బావ అంటున్నాడు. పాత తేదీ వేసి అగ్రిమెంటు రాయించుకోమని కూడా చెబుతున్నాడు. నాకు శిక్ష పడుతుందా? 3 ఏళ్లు గడిస్తే కేసు ఉండదంటారు, నిజమేనా? తోట పోతుందా? 12 ఏళ్లు ఉంటే తనదే అంటాడా?

జవాబు: మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం అతను చేసిన నమ్మకద్రోహం గురించే ఉంది. కోర్టుకు దానితో పని లేదు. మొక్కలు చూసిన రోజు ఏది, 40 వేలు అకౌంట్లో పడిన రోజు ఏది, ఈ రెండు తేదీల మధ్య మీరు ఏం చేశారు? కేసు తేలేది ఇక్కడే.

మాదకద్రవ్యాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, భూమి ఉన్నవాడి మీద ఒక బాధ్యత పెట్టింది. తన భూమిలో గంజాయి మొక్కలు సాగవుతున్నాయని తెలిస్తే వెంటనే పోలీసులకో, సంబంధిత శాఖ అధికారికో చెప్పాలి. ఇది సెక్షన్ 46. తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంది. దానికి విడిగా శిక్ష రాయలేదు కాబట్టి సెక్షన్ 32 కింద 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంతవరకైతే మీది మౌనం అనుకోవచ్చు. కానీ సెక్షన్ 25 వేరు. తన చేతిలో ఉన్న స్థలాన్ని, తెలిసి, మరొకరి నేరానికి వాడుకోనిస్తే ఆ నేరానికి ఏ శిక్షో స్థలం ఇచ్చినవాడికీ అదే శిక్ష. గంజాయి సాగుకు సెక్షన్ 20 కింద 10 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. చూసిన తర్వాత గుత్త డబ్బు తీసుకుని ఊరుకున్నారంటే ప్రాసిక్యూటర్ మిమ్మల్ని 46 నుంచి 25లోకి లాగడానికి ఆ ఒక్క ఎంట్రీ చాలు. ‘20 రోజులు’ అన్నప్పుడు మీరు తలూపారో లేదో మీరు రాయలేదు. అవతలి లాయరు మాత్రం అడుగుతాడు.

కాలపరిమితి మాట. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 514 ప్రకారం ఏడాది వరకు శిక్ష ఉన్న నేరాలకు ఏడాది, 3 ఏళ్ల వరకు శిక్ష ఉన్నవాటికి 3 ఏళ్లు గడువు. అంతకు మించి శిక్ష పడేవాటికి గడువే లేదు. మీకు చెప్పినవాళ్లు సగం విని చెప్పారు. 25 కింద కేసు 3 ఏళ్లకు కాదు కదా, 10 ఏళ్లకు కూడా చావదు.

ఆకులు, విత్తనాలు నేరం కాదన్నది కూడా అలాంటి సగం చదువే. పూత, కాయ లేని ఆకులూ విత్తనాలూ ‘గంజాయి’ నిర్వచనంలోకి రావు, నిజం. అది దగ్గర పెట్టుకున్న సరుకు గురించిన లెక్క. సాగు నేరానికి మొక్క చాలు. మగ మొక్కైనా, మొన్న మొలిచిన నారైనా మొక్కే. కిలో వరకైతే తక్కువ శిక్ష, 20 కిలోలు దాటితే ఎక్కువ అనే లెక్కలు దగ్గర ఉంచుకోవడానికీ అమ్మకానికీ పెట్టినవి. సాగుకు అలాంటి మెట్లు లేవు. నంబర్లు వేసిన పొట్లాలు వచ్చే ఏడాది మేలు రకం తీసే ప్లాను ఉందని చెబుతాయి. మరి ఆ రూము తాళం మీ దగ్గరా ఉంది. మీ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టిన మాట అదే.

ఇక సాక్ష్యం. సెక్షన్ 54 ప్రకారం, ఒకరు సాగు చేసిన భూమిలో ఆ మొక్కలు ఉంటే, వాటికి సరైన లెక్క చెప్పలేనప్పుడు ఆ సాగుదారే నేరం చేశాడని కోర్టు అనుకోవచ్చు. కాదని చూపించాల్సింది ఆ సాగుదారే. కాబట్టి ‘సాగు చేసింది ఎవరు’ అన్నది మీకు ప్రాణం. ఇక్కడ మిమ్మల్ని నాలుగు మాటలు అనక తప్పదు. గుత్త కాగితం లేదు. కౌలు కార్డుకు సంతకం పెట్టమని అతను అడిగితే పెట్టలేదని మీరే రాశారు. పంటనష్టం డబ్బు వస్తే తనకు పోతుందేమోనని ఈ-క్రాప్‌లో సాగుదారుగా మీ పేరే వేయించుకున్నారు. సర్కారు డబ్బుకు మీరు రైతు, గంజాయికి మాత్రం ఊరికే యజమాని! జడ్జి ముందు ఇది ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. అయినా దారి ఉంది. గతంలో అతను వేసిన గుత్త చెల్లింపులు, ఎరువుల కొట్టులో అతని పేరు మీద ఉన్న బిల్లులు, గట్టు పక్క రైతుల మాట, కాయ మండీకి తోలినప్పటి చీటీలు ఏరి పెట్టుకోండి. మండీ చీటీలో పేరు అతనిదైతే అది బంగారం.

మీ బావ సలహాలు రెండూ జైలు దారులే. మొక్కలు పీకి మోసుకుపోయే ఆ అరగంట సరుకు మీ చేతిలో ఉన్నట్టే. తగలబెడితే సాక్ష్యం మాయం చేసిన నేరం, బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 238, అదనం. పైగా ఎవరో పెంచారని చూపించే ఆధారం కూడా బూడిదైపోతుంది. అతను రేపు ‘పెంచింది అన్నే, పట్టుబడతామని కాల్చాడు’ అంటే ఏం చెబుతారు? పాత తేదీ అగ్రిమెంటు సంగతి, స్టాంపు పేపరు ఎప్పుడు అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది. నోటిమాట గుత్తతో నెగ్గే అవకాశం ఉన్న కేసు దొంగ కాగితంతో కచ్చితంగా పోతుంది. మీ బావకు నా మాటగా చెప్పండి.

చేయాల్సింది ఈ రోజే చేయండి. ముందు చిత్తూరులో లాయరును కలిసి ముందస్తు బెయిలు పిటిషన్ సిద్ధం చేయించండి, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 482 కింద. దాని కోసం సమాచారం ఇవ్వడం ఆపొద్దు. సర్వే నంబరు, విస్తీర్ణం, గుత్తకు ఇచ్చిన నెల, మొక్కలు చూసిన తేదీ, అతను అన్న మాట, తాళం సంగతి అన్నీ రాసి మీ పరిధి స్టేషన్‌లో ఇవ్వండి. కాపీ మీద రసీదు సంతకం, ముద్ర వేయించుకోండి. అదే ఎస్పీ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపండి. మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర ఈగిల్ విభాగం నంబరు 1972కు ఫోను కూడా చేయండి, కాల్ రికార్డు మిగులుతుంది. ఆలస్యం ఎందుకైందో భయపడ్డానని ఉన్నదున్నట్టు రాయండి. 40 వేలు దాచొద్దు. అడగకుండా వేశాడు, ఆ డబ్బు ముట్టుకోలేదు అని రాయండి, నిజమైతేనే. మీరు ‘బాకీ ఎప్పుడిస్తావ్’ అని మెసేజ్ పెట్టి ఉంటే అది అతని ఫోనులోనూ ఉంటుంది. డబ్బు తిరిగి పంపకండి, ఫోనులో ఏదీ చెరపకండి, ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. స్టేషన్‌లో ఇంకేం సంతకం పెట్టమన్నా లాయరు చదివాకే.

తోట గురించి అమ్మకు ధైర్యం చెప్పండి. వారసత్వంగా వచ్చిన భూమి, మాదకద్రవ్యాల డబ్బుతో కొన్నది కాదు. జప్తు భయం లేదు. గుత్తదారు 12 ఏళ్లు ఉన్నా తనదంటాడేమో అని రాశారు, మీ అనుమతితో దిగినవాడికి ఆ హక్కు రాదు. అయితే మనుషుల్ని పెట్టి బలవంతంగా గెంటించకండి. అలా గెంటితే 6 నెలల్లోపు దావా వేసి, భూమి ఎవరిదన్న ప్రశ్నే లేకుండా స్వాధీనం తిరిగి అడగొచ్చు, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ఆ వీలు ఇస్తుంది. పోలీసులు పంచనామా చేసి మొక్కలు తీశాక ఆ పంచనామా కాపీ కోర్టు నుంచి తీసుకోండి. గుత్త రద్దు నోటీసు లాయరు చేత దాని తర్వాతే పంపించండి, ఈ-క్రాప్‌లో పేరు మార్పు సంగతీ అప్పుడే చూడండి. ఇప్పుడు మారిస్తే అది కూడా పాత తేదీ కాగితం లాగే కనిపిస్తుంది.