చెరువు అమ్మోనియా తెలిసిన ఇంటి పిల్లకు ఈ చదువు కొత్తేం కాదు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాం. అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది. కాలేయం చెడి మా నాన్నగారు ఆఖర్లో మమ్మల్నే పోల్చుకోలేకపోయారు. అప్పట్నుంచి ఆ జబ్బు మెదడునేం చేస్తుంది, ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకేలా చేస్తుందా అన్నదాని మీద పరిశోధన చేస్తానంటోంది. ఇందులో బతుకుతెరువుందా? బీఈడీ చేయించమంటారా?

జవాబు: ఇందులో సగం మీకు తెలిసిందేనండీ. చెరువు నీళ్లలో అమ్మోనియా ఎందుకు చూసుకుంటారు? రొయ్య దాన్ని నేరుగా నీళ్లలోకి వదిలేస్తుంది. మనకా వీల్లేదు, కాలేయం దాన్ని యూరియాగా మార్చాలి. కాలేయం చెడితే అది రక్తంలో మిగిలి మెదడుకెక్కుతుంది. అక్కడ ఆస్ట్రోసైట్లనే కణాలు దాన్ని గ్లుటమైన్ అనే పదార్థంగా మారుస్తాయి. ఆ గ్లుటమైన్ పేరుకుపోయి కణాలు నీరుపట్టి ఉబ్బుతాయి. పెద్దాయన తికమకకు కారణం ఇదే అయి ఉండొచ్చు. లాక్టులోజ్ సిరప్ పట్టించేదీ పేగుల్లోంచి అమ్మోనియాను బయటికి పంపడానికే.

ఇక ఆడా మగా తేడా. చాలాకాలం ల్యాబుల్లో ఎక్కువగా మగ ఎలుకలనే వాడారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016 నుంచి తన నిధులతో చేసే పరిశోధనల్లో ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలంటోంది. కండ కూడా కొంత అమ్మోనియాను పట్టుకుంటుంది. మగవారికి సగటున కండ ఎక్కువ, హార్మోన్లు సరేసరి. మగ ఎలుకలో తేలింది ఆడవాళ్లకూ సరిపోతుందని ఎలా అనుకుంటాం? పిల్ల అడిగింది అసలైన ప్రశ్నే.

అయితే జబ్బు పేరు చూసి కోర్సు ఎంచుకోవద్దని చెప్పండి. ముందు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ లేదా బయోటెక్నాలజీ. ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీ సీటుకు రాసే జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రెండూ రాయించండి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే, 2023లో పెంచిన లెక్కన నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, ఢిల్లీలో కాలేయానికే పెట్టిన ఐఎల్‌బీఎస్, బెంగళూరులో మానసిక, నాడీ జబ్బుల సంస్థ నిమ్హాన్స్ ఉన్నాయి. కోత పెట్టకుండా ఎమ్మారై యంత్రంతోనే మెదడులో గ్లుటమైన్‌ను కొలిచే ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీ అనే పద్ధతి ఉంది. నన్నడిగితే పట్టు సాధించాల్సింది దానిమీద. రేపు కాలేయం వదిలి మెదడు కణితుల వైపు వెళ్లినా ఆ పని పనికొస్తుంది. జువాలజీ పిల్లలు లెక్కలంటే బెదురుతారు, స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలెట్టించండి.

దాచకుండా చెబుతున్నా: ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు దాటినా దాటొచ్చు. ఈలోగా పెళ్లి మాటెత్తే చుట్టాలకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేసుకోవచ్చు.

మీ చెరువుల అమ్మోనియా, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) రీడింగులు రాసుకున్న పుస్తకం ఉంటే అమ్మాయి చేతికివ్వండి. పీహెచ్ పెరిగిన రోజుల్లో అదే అమ్మోనియా రొయ్యకు ఎందుకు ఎక్కువ విషమవుతుందో గ్రాఫు గీసి మీకు అర్థమయ్యేలా చెప్పమనండి.