గాజీని ముంచిందెవరు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఒకరు అడిగారని, 1971 యుద్ధంలో విశాఖ తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచే. సముద్రం చూడాలంటే జిల్లా దాటి పోవాల్సిన మనకు దాని మీద ఇంత పట్టింపు ఉందంటే నాకు చాలా సంతోషమేసింది. అందుకే ఈసారి పేజీ మొత్తం గాజీకే.

ప్రశ్న: సినిమాల్లో ఒక రకంగా చూపిస్తారు, పాకిస్తాన్ వాళ్లు ఇంకో రకంగా చెబుతారు. గాజీని మనవాళ్లు ముంచారా, దానంతట అదే మునిగిందా? ఒక్క మాటలో చెప్పండి సార్. (కర్నూలు, సి.క్యాంప్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఒక్క మాటలో చెప్పలేనయ్యా. అలా తేల్చేసేవాళ్ల మాట మీరూ నమ్మొద్దు. మునిగిందన్నది నిజం, విశాఖ రేవు బయటే మునిగిందన్నది నిజం, అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరు కూడా బతికి బయటపడలేదన్నదీ నిజం. ఎందుకు మునిగింది అన్న దగ్గరే పేచీ.

ముందు అందరూ ఒప్పుకునే సంగతులు చెబుతాను. అది అమెరికా నేవీ కోసం కట్టి 1944లో నీళ్లలోకి దించిన జలాంతర్గామి, అప్పటి పేరు డయాబ్లో. 1963లో అమెరికా దాన్ని పాకిస్తాన్‌కు లీజుకిచ్చింది. 1971 నాటికి పాకిస్తాన్ దగ్గర ఫ్రాన్స్ నుంచి కొన్న కొత్త జలాంతర్గాములు ఉన్నా అవి చిన్నవి, కరాచీలో బయల్దేరి శ్రీలంక చుట్టూ తిరిగొచ్చి బంగాళాఖాతంలో రోజుల తరబడి కాపు కాయగల సత్తా ఈ పాతదానికొక్కదానికే ఉంది. నవంబర్ 14న కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ నాయకత్వంలో కరాచీ వదిలింది. మన ఏకైక విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతికి ముంచడం, విశాఖ దారిలో మైన్లు, అంటే నీళ్లలో పెట్టే మందుపాతరలు, పరచడం దానికి అప్పగించిన పని. నవంబర్ నెలాఖరుకల్లా కరాచీకి దాని నుంచి కబురు ఆగిపోయింది.

ఇక మన నౌకాదళం చెప్పేది ఇది. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేయడంతో యుద్ధం మొదలైంది. ఆ రాత్రి పన్నెండు కావస్తుండగా ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్, అంటే వేగంగా పోయే యుద్ధనౌక, విశాఖ రేవు నుంచి బయటికొచ్చింది. దాని కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. రేవు దాటించడానికి వచ్చిన పైలట్‌ను దించేసి ముందుకు పోతుంటే నీళ్లలో ఏదో అలజడి కనిపించింది, జలాంతర్గామి అప్పుడే లోపలికి మునిగినట్టుగా. వేగం పెంచి ఆ చోటికి వెళ్లి రెండు డెప్త్ చార్జులు, అంటే నీళ్ల లోపల పేలే మందు పీపాలు, వదిలారు. పైకి ఏమీ తేలకపోయేసరికి వచ్చిన పని మీద వెళ్లిపోయారు. కొద్ది నిమిషాలకు సముద్రంలో పెద్ద పేలుడు. ఊళ్లో కిటికీల అద్దాలు పగిలాయి, భూకంపమేమో అనుకుని జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. తర్వాత మత్స్యకారులకు నీళ్ల మీద చమురు తెట్టు, విరిగిన ముక్కలు కనిపించాయి. నేవీ డైవర్లు దిగి చూసి అది గాజీయేనని తేల్చారు. డిసెంబర్ 9న మన ప్రభుత్వం బయటికి ప్రకటించింది.

పాకిస్తాన్ మాత్రం రాజ్‌పుత్‌కు దీనితో సంబంధమే లేదంటుంది. మైన్లు పరుస్తుండగా ప్రమాదం జరిగింది, అంతే, అని వాళ్ల వాదన.

ప్రశ్న: విక్రాంత్ విశాఖలో లేకపోయినా ఉన్నట్టు శత్రువును నమ్మించారని చదివాను. అంత పెద్ద ఓడ విషయంలో ఎలా మోసం చేయగలిగారు? (అనంతపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: తల్లీ, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అడిగావు.

విక్రాంత్‌కు అప్పట్లో బాయిలర్‌లో పగులు. పూర్తి వేగంతో పరిగెత్తలేదు. అలాంటి ఓడ జలాంతర్గామి కంట పడితే తప్పించుకోవడం కష్టం. తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ దాన్ని గుట్టుచప్పుడు కాకుండా అండమాన్ వైపు పంపేసి, ఇక్కడ రాజ్‌పుత్‌తో విక్రాంత్ వేషం కట్టించారు. రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఓడ, ఇక పనికి రాదని పక్కన పెట్టేయబోతున్నది. దాన్ని విశాఖకు దూరంగా సముద్రంలోకి పంపి, విమానవాహక నౌక మాత్రమే పంపేంత జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. వినేవాడికి విక్రాంత్ అక్కడే తిరుగుతోందనిపించాలి.

అంతటితో ఆగలేదాయన. విశాఖ బజారులో మాంసం, కూరగాయలు, సరుకులు పెద్ద ఎత్తున ఆర్డర్ చేయించారు. వందల మంది ఉండే పెద్ద ఓడ రేవు దగ్గరుంటేనే అంత తిండి కావాలి కదా, ఊళ్లో గూఢచారులెవరైనా ఉంటే ఆ లెక్క వాళ్లే కట్టుకుంటారు. విక్రాంత్ త్వరలో అక్కడికి వస్తోంది, ఏర్పాట్లు చేయండి అని మద్రాసు నేవీ అధికారికి ఫోన్‌లోనే చెప్పారు. ఇంకొకటుంది. ఒక నావికుడు వాళ్లమ్మ ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు మామూలు సందేశమొకటి, కోడ్ లేకుండా, ఎవరికైనా వినబడేలా పంపించారు. యుద్ధం ముంగిట కూడా కొడుకు తల్లి కోసం ఆరాటపడతాడు, అది సహజం, కాబట్టి అవతలివాడు అనుమానించడు. ఇంత సన్నటి సంగతి ఆలోచించినాయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

గాజీ మద్రాసు వైపు, తర్వాత విశాఖ వైపు వెతుక్కుంటూ రావడం ఈ మాయ ఫలితమేనని మనవాళ్లు చెబుతారు. విక్రాంత్ మాత్రం అండమాన్ నుంచి వెళ్లి, డిసెంబర్ 4 నుంచి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద తన విమానాలతో దాడులు చేసింది.

ప్రశ్న: మేము నాపరాయి గనుల్లో మందు పెట్టి పేల్చే పని చేస్తాం. రెండంటే రెండు డెప్త్ చార్జులకు అంత పెద్ద జలాంతర్గామి ముక్కలవుతుందా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు. (బేతంచెర్ల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అన్నా, పని తెలిసినవాడి ప్రశ్న ఇది. డెప్త్ చార్జ్ అంటే మందు కూరిన పీపా. నీళ్లలోకి దిగే కొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది, ముందే పెట్టిన లోతుకు చేరగానే ఆ ఒత్తిడికే లోపలి మీట కదిలి పేలుతుంది. ఆ కాలపు బ్రిటిష్ రకాల్లో వంద కిలోలకు పైనే మందు ఉండేది. నీళ్లు గాలిలా అణగవు కాబట్టి దెబ్బ చాలా గట్టిగా తగులుతుంది, కానీ దగ్గర్లో పేలితేనే. దూరమైతే లోపలివాళ్లకు కుదుపు, దీపాలు పగలడం, అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో పదుల కొద్దీ డెప్త్ చార్జులు తట్టుకుని ఇంటికి చేరిన జలాంతర్గాములు ఉన్నాయి. గాజీ పొడవు సుమారు 95 మీటర్లు, గట్టి కట్టడం. కాబట్టి మీ అనుమానం న్యాయమైనదే.

అయితే గాజీ కడుపు నిండా ఉన్నది కూడా మందే. ఆ తరహా జలాంతర్గామిలో టార్పెడోలు, అంటే నీళ్లలో దూసుకుపోయి ఓడను పేల్చే ఆయుధాలు, వదిలే గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు, 28 టార్పెడోల దాకా పట్టే చోటు. వీటికి తోడు మైన్లు. బయటి దెబ్బకు వీటిలో ఒకటి అంటుకున్నా మిగతావి వరసగా పోతాయి, ఒక రంధ్రంలో మందు పేలితే పక్కదానికి ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండో దారి, పరిచిన మైను మీదికి తానే రావడం. డెప్త్ చార్జుల నుంచి తప్పించుకోబోయి తన మైన్ల వైపే మళ్లిందేమో అనేవాళ్లూ ఉన్నారు. మూడోది బ్యాటరీ. డీజిల్ జలాంతర్గామి నీళ్లలో ఉన్నంతసేపు బ్యాటరీల మీదే నడుస్తుంది, వాటిని చార్జ్ చేసేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది, గాలిలో అది నూటికి నాలుగు వంతులు దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. గాలి మార్చుకోవడానికి వీల్లేకుండా ఎక్కువసేపు లోపలే దాక్కోవాల్సి వస్తే ఈ ప్రమాదం పెరుగుతుంది.

శకలం చెప్పే సాక్ష్యం చూద్దాం. బయటి నుంచి దెబ్బ తగిలితే ఇనుప రేకు లోపలికి సొట్టపోతుంది, లోపల పేలితే బయటికి విచ్చుకుంటుంది. గాజీ ముందు భాగం లోపలి నుంచి బద్దలైనట్టుందని చాలామంది నిపుణులు రాశారు. అంటే నిజంగా చంపింది దాని సొంత మందే అన్నదాంట్లో పెద్ద తేడా లేదు. దానికి నిప్పు పెట్టింది రాజ్‌పుత్తా, ప్రమాదమా అన్నదే తేలాలి. నా మటుకు నేను, రాజ్‌పుత్ దెబ్బకు, ఆ పేలుడుకు మధ్య కొద్ది నిమిషాలే ఉన్న మాట నిజమైతే దాన్ని కాకతాళీయం అని కొట్టిపారేయలేను. కానీ ఆ 'నిజమైతే' దగ్గరే కింది ఉత్తరం వస్తోంది.

ప్రశ్న: గాజీ యుద్ధం మొదలవక ముందే మునిగిందని జనరల్ జాకబ్ రాశారట. ఇలాంటివి ప్రచారం చేస్తే మన నేవీని మనమే తక్కువ చేసుకున్నట్టు కాదా? (ప్రొద్దుటూరు నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

జవాబు: అయ్యవారూ, మీ బాధ అర్థమైంది. లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్ అప్పుడు కలకత్తాలో తూర్పు సైనిక కమాండ్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్. ఢాకాలో లొంగుబాటు ఏర్పాట్లు చేసిన మనిషి, దారిన పోయే దానయ్య కాదు. మత్స్యకారులకు జలాంతర్గామి శకలాలు దొరికాయని కృష్ణన్ గారే యుద్ధం ప్రకటించక ముందు తనకు ఫోన్‌లో చెప్పారని, తర్వాత మళ్లీ ఫోన్ చేసి ఆ మాట మర్చిపొమ్మన్నారని ఆయన రాసుకున్నారు. అది నిజమైతే 3వ తేదీ అర్ధరాత్రి కథ నిలబడదు. కృష్ణన్ గారి కథనం ప్రకారమైతే జాకబ్ గారి తేదీలు పొసగవు. ఇద్దరూ దేశం కోసం పనిచేసిన పెద్దలే, ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఇలాంటప్పుడు కాగితాలే దిక్కు. విశాఖ కమాండ్‌లో గాజీకి సంబంధించిన రికార్డులను ఎప్పుడో నాశనం చేసేశారని 2010లో పత్రికల్లో వచ్చింది. నాకు కడుపు మండేది అక్కడ. మన పిల్లలకు చెప్పుకోవాల్సిన సంగతికి ఆధారం మనమే లేకుండా చేసుకుంటే ఎట్లా? అనుమానం రాసినవాడి వల్ల నేవీ గౌరవం పోదండి, కాగితం చించినవాడి వల్ల పోతుంది. రాజ్‌పుత్ ముంచిందని రేపు రుజువైనా, ప్రమాదమేనని తేలినా, విక్రాంత్‌ను కాపాడిన ఆ ఎత్తుగడ విలువ అణాపైసా తగ్గదు. గాజీ ఆ రోజుల్లో విశాఖ ముంగిట్లో ఉంది, విక్రాంత్ అక్కడ లేదు. ఈ రెండూ ఎవరూ కాదనలేనివి.

ప్రశ్న: ఇన్నేళ్లయింది, గాజీని పైకి తీసి చూస్తే సందేహమే తీరిపోతుంది కదా? (కడప, యర్రముక్కపల్లె నుంచి ఒక గృహిణి)

జవాబు: అమ్మా, తీస్తామని అమెరికా, సోవియట్ యూనియన్ ముందుకొస్తే మనవాళ్లు వద్దన్నారని చెబుతారు. పేలని మందు ఇంకా ఎంత ఉందో తెలియని ఇనుమును కదిలించడం ప్రాణాలతో చెలగాటం. ఇంకో కారణం నాకు ముఖ్యమైనది. అది తొంభై మందికి పైగా మనుషుల సమాధి. శత్రువులే కావచ్చు, వాళ్ల ఇళ్లలోనూ ఎదురుచూసినవాళ్లున్నారు. గాజీ మునిగిందని మనం ప్రకటించిన డిసెంబర్ 9 నాడే డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలకుండా దాంతోపాటే వెళ్లిపోయారు. ఖుక్రీ జోలికి ఎవరైనా పోతే మనం ఊరుకుంటామా? 2024లో మన నేవీ లోతు నీళ్లలో పనిచేసే కొత్త రెస్క్యూ వాహనంతో గాజీ ఉన్నచోటును మళ్లీ గుర్తించింది, కానీ అందులోని మృతుల మీద గౌరవంతో ముట్టుకోలేదు. మంచి పని చేసింది.

ప్రశ్న: ఒక్కరూ బతకని ఓడ గుట్టు ఎప్పుడైనా వీడిందా? (ఆదోని నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వీడింది, కానీ 66 ఏళ్లు పట్టింది. ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ 1941 నవంబర్ 19న 645 మందితో మాయమైంది. దాంతో పోరాడి తానూ మునిగిన జర్మనీ ఓడ కోర్మొరాన్ మనుషులు మూడొందల మందికి పైగా బతికారు. మేం డచ్చి సరుకు ఓడలా వేషం వేశాం, సిడ్నీ దగ్గరికొచ్చాక కాల్చాం అని చెప్పారు. శత్రువు మాట ఎవరు నమ్ముతారు? ఆస్ట్రేలియాలో దశాబ్దాల పాటు రకరకాల ఊహలు నడిచాయి, జపాన్ జలాంతర్గామి ముంచిందని కూడా అన్నారు. 2008 మార్చిలో డేవిడ్ మెర్న్స్ బృందం రెండు ఓడలనూ దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతులో కనిపెట్టింది. సిడ్నీ ఒంటి మీది గుండు దెబ్బలు ఆ జర్మన్లు చెప్పినదానికి సరిపోయాయి. ఆ ఓడ నుంచి తెప్పలో కొట్టుకొచ్చి 1942లో క్రిస్మస్ దీవి దగ్గర దొరికిన ఒకే ఒక్క మృతదేహం ఎవరిదో 2021లో డీఎన్ఏతో తేలింది, థామస్ వెల్స్‌బీ క్లార్క్ అనే నావికుడు.

సిడ్నీ విషయంలో మనం గమనించాల్సింది, దాన్ని పైకి తీయలేదు. ఫొటోలు తీశారు, విచారణ సంఘం వేశారు, ఆ నివేదికను జనం ముందు పెట్టారు. గాజీ ఉన్నది అంతకంటే ఎంతో తక్కువ లోతులో, మన గడప దగ్గర. ముట్టుకోకుండానే ఫొటోలు తీసి బయట పెట్టమని నేవీని గట్టిగా అడుగుతున్నాను.

ప్రశ్న: డిసెంబర్ 4న నేవీ డే జరిపేది గాజీని ముంచినందుకేనా? (గుంతకల్లు నుంచి ఒక రైల్వే ఉద్యోగి)

జవాబు: కాదు. అదే తేదీ రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా. దాని పేరు ఆపరేషన్ ట్రైడెంట్. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ మునిగింది అందులోనే. విశాఖ వెళ్తే మాత్రం బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయ స్మారకం, దానికి దగ్గర్లోనే మ్యూజియంగా మార్చిన మన జలాంతర్గామి కురుసుర ఉన్నాయి. టికెట్ కొని లోపలికెళ్లి ముందు టార్పెడో గది చూడండి. గాజీలో పేలుడు ఎలాంటి చోట జరిగి ఉంటుందో ఒక అంచనా వస్తుంది.