లింకు కనిపిస్తోంది, ఫైల్ లేదంటోంది!

సందేహం: మాది పర్లాకిమిడిలో ఫొటో స్టూడియో. కంప్యూటర్లో లైనక్స్ వాడతాను. ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫార్మాట్) హార్డ్‌డిస్క్‌లో పెళ్లి ఆల్బమ్‌లకి లింకులు, అంటే అసలు ఫోల్డర్‌కి దారి చూపే షార్ట్‌కట్‌లు, పెట్టుకున్నాను. అదే డిస్క్‌ని పాతపట్నంలో మా బావమరిది షాపుకి తీసుకెళ్తే అలాంటి ఫైల్ లేదంటోంది. కొన్ని లింకులైతే ఇక్కడే తెరుచుకోవు. సుడోతో (అడ్మిన్ హోదాలో) సీహెచ్‌మోడ్ 777 కమాండ్ కొట్టి అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చినా లాభం లేదు.

జవాబు: పాతపట్నంలో తెగినవి అబ్సల్యూట్ లింకులు. వాటిలో మీడియా ఫోల్డర్ దగ్గర్నుంచి మీ యూజర్ పేరు, డిస్క్ పేరు దాకా మొత్తం దారి రాసి ఉంటుంది. అక్కడ యూజర్ మీ బావమరిది, ఆ దారే ఉండదు. ఇక్కడే పనిచెయ్యనివి రెలెటివ్ లింకులు, అంటే మొత్తం దారి కాకుండా కొంత దారే రాసినవి, అయ్యుంటాయి. ఆ దారిని మీరు కమాండ్ కొట్టిన చోటి నుంచి కాదు, లింకు ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టాలి. పదిమందిలో తొమ్మిదిమంది బోల్తాపడేది ఇక్కడే.

ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌కి ‘ఎక్స్‌టైప్ ఎల్’ ఇస్తే తెగిన లింకులన్నీ బయటపడతాయి. వాటిని తీసేసి, లింకులు పెట్టే ఎల్‌ఎన్ కమాండ్‌కి ఎస్‌తో పాటు ఆర్ ఆప్షన్ కూడా ఇచ్చి మళ్లీ పెట్టండి. దారి లెక్క అదే చూసుకుంటుంది. అబ్సల్యూట్ లింకులు మీ కంప్యూటర్లో బాగానే పనిచేస్తాయి కాబట్టి ఈ వెతుకులాటను పాతపట్నంలో కూడా ఒకసారి చెయ్యాలి. లింకు, ఆల్బమ్ ఒకే డిస్క్‌లో ఉంటే ఇక ఏ ఊరు తీసుకెళ్లినా పనిచేస్తుంది.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ఆ 777. లింకు పక్కన ఎప్పుడూ అన్ని అనుమతులూ ఉన్నట్టే కనిపిస్తుంది, దానికి అర్థం లేదు. తెగిన లింకు మీద ఆ కమాండ్ పనిచెయ్యదు. బాగున్న లింకు మీద ఇస్తే దాని వెనకున్న అసలు ఫైల్ అందరికీ బార్లా తెరుచుకుంటుంది. స్టూడియో అంటే ఆల్బమ్‌లే కాదు, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆధార్ కాపీలు కూడా ఉంటాయి కదా? డిస్క్ తగిలించిన చోట ఎవరైనా వాటిని మార్చేయొచ్చు. ఫైళ్లకి 600, ఫోల్డర్లకి 700 ఇచ్చెయ్యండి, అప్పుడు అనుమతి వాటి యజమానికి మాత్రమే ఉంటుంది. అయినా డిస్క్ బస్సులో పోతే ఆ అంకెలు ఎవర్నీ ఆపవు. లక్స్‌తో (లైనక్స్‌లో డిస్క్‌కి పాస్‌వర్డ్ తాళం వేసే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చెయ్యండి, లేదా ఆధార్ కాపీలను ఆ డిస్క్‌లోంచి తీసెయ్యండి.

మిమ్మల్ని ఒక్కరినే అని లాభం లేదు. లేని ఫోల్డర్‌కి లింకు పెట్టమన్నా ఎల్‌ఎన్ నోరెత్తదు. తర్వాత తెరవబోతే, కళ్లెదుట కనిపిస్తున్న లింకు పేరే చెప్పి ‘అది లేదు’ అంటుంది. లింకు ఉంది మహాప్రభో, అది చూపిస్తున్న ఫోల్డరే లేదు అని ఒక్క ముక్క చెప్పడానికి ఇన్నేళ్లుగా ఎవరికీ చెయ్యి రాలేదు!