అమ్మానాన్నల క్యాన్సర్ ఆపరేషన్ డబ్బు కట్టి ప్రైవేటులో చేయిస్తేనే మంచిదా?

అన్నిసార్లూ కాదు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన తేదీ డాక్టర్ చెప్పిన గడువులోపే ఉంటే డబ్బు కట్టినంత మాత్రాన ఫలితం మెరుగవదు. ఫలితాన్ని ఎక్కువగా తేల్చేవి క్యాన్సర్ రకం, స్టేజ్, ఆ ఆపరేషన్ తరచూ చేసే సర్జన్ అనుభవం. ఏసీ గది కాదు. ఉదాహరణకు నాన్నకు తక్కువ రిస్క్ ఉన్న ప్రోస్టేట్ క్యాన్సర్ అయితే కొన్ని వారాలు ఆగినా సాధారణంగా నష్టం ఉండదు, కొందరికైతే ఆపరేషన్ లేకుండా పరీక్షలు చేస్తూ గమనిస్తారు కూడా. పెద్దపేగును గడ్డ మూసేస్తే మాత్రం అది ఎమర్జెన్సీ, ఎక్కడ కుదిరితే అక్కడికి వెంటనే వెళ్లాలి. చాలామంది పొరబడేది ఖర్చు దగ్గర: ఆపరేషన్ బిల్లుతో అయిపోతుందనుకుంటారు, కానీ తర్వాత కీమో, రేడియేషన్, ఏళ్ల తరబడి స్కాన్లు ఉండొచ్చు, వాటికి మళ్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చుకుంటారో లేదో ముందే అడగాలి.