అమ్ములూ, క్లాసులు మొదలయ్యేలోపు ఇది చదువు

అమ్ములూ,

నిన్న ఫోన్లో "కమ్యూనిటీ కాలేజీలో మాన్యుఫాక్చరింగ్ ఇంజినీరింగ్ టెక్నాలజీ తీసుకుంటున్నా మావయ్యా" అని నువ్వు చెప్తుంటే వెనకాల మీ అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అక్క మాట్లాడలేదంటేనే మనసులో ఏదో ఉన్నట్టు. ఏ ఫంక్షన్‌కెళ్ళినా "మీ అమ్మాయి ఏ యూనివర్సిటీ" అని అడుగుతారని తన బెంగ, తనతో నేను మాట్లాడతా, నువ్వు దాని గురించి మనసు పాడుచేసుకోకు. నేను హైదరాబాద్ బాలానగర్‌లో టర్నర్‌గా, అంటే లేత్ మెషిన్ మీద పని చేసి, 42 ఏళ్ళకి ఈ మిషిగన్ వచ్చి, పగలు మౌండ్ రోడ్ మీద ఒక టూల్ షాపులో పని, రాత్రి కాలేజీ, అలా అయిదేళ్ళు తిరిగి ఆ డిగ్రీ తెచ్చుకున్నా. అందుకే నాలుగు ముక్కలు రాస్తున్నా.

ముందు కాగితాల సంగతి తేల్చేస్తా, ఎందుకంటే ఇది చేరేముందే చూసుకోవాలి. అసోసియేట్ డిగ్రీలు, అంటే కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే ఈ రెండేళ్ళ డిగ్రీలు, అన్నీ ఒకటి కాదు. అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ అనేది నేరుగా ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళ కోసం కట్టింది, అందులో టెక్నికల్ మ్యాథ్ పెడతారు, అది షాపులో బాగా పనికొస్తుంది గానీ రేపు నువ్వు నాలుగేళ్ళ మెకానికల్ ఇంజినీరింగ్‌కి మారదామంటే ఆ క్రెడిట్లు చాలావరకు అక్కడ లెక్కకి రావు. అదే బ్యాచిలర్స్ ఇన్ ఇంజినీరింగ్ టెక్నాలజీకి అయితే, ఫెర్రిస్ స్టేట్ లాంటి చోట ఆ డిగ్రీ ఉంది, ఈ రెండేళ్ళు కలుపుకునే దారి ఉంటుంది, కానీ ఏ కోర్సు తీసుకుంటారో ఏది తీసుకోరో రాసిన కాగితం చేతికి తీసుకో, నోటిమాట నమ్మకు. నా సలహా అడిగితే ట్రిగ్, అదే త్రికోణమితి, అవ్వగానే కాల్క్యులస్ ఒకటి కూడా తీసేసుకో, డిగ్రీకి అక్కర్లేదన్నా సరే. నేను తీసుకోలేదు, తర్వాత 50 ఏళ్ళ వయసులో కూర్చుని నేర్చుకోవాల్సొచ్చింది, అప్పటికి బుర్రకి ఎక్కడం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఇంకోటి, విజయవాడ నుంచి మన సుధ వాళ్ళబ్బాయి కూడా ఇదే కోర్సుకి వస్తానంటున్నాడట, వాడికి నువ్వే చెప్పు. నీకు సిటిజన్‌షిప్ ఉంది కాబట్టి నీ లెక్క వేరు, వాడు స్టూడెంట్ వీసా మీద రావాలి. అసోసియేట్ డిగ్రీకి ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి, ఏడాదే, ఆ పైన సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులకిచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు బ్యాచిలర్స్ లేనివాళ్ళకి లేదు, హెచ్1బీ ఉద్యోగ వీసాకి కూడా మామూలుగా బ్యాచిలర్స్ కావాలి. వాళ్ళ నాన్న పొలం మీద అప్పు తెచ్చి పంపేముందు ఈ ముక్క వాళ్ళ చెవిన పడాలి.

సరే, అసలు విషయానికొస్తా. నువ్వు కంప్యూటర్‌లో గట్టిదానివి, డిజైన్ గీసే సాలిడ్‌వర్క్స్, మెషిన్‌కి ప్రోగ్రామ్ రాసే మాస్టర్‌క్యామ్ నీకు నెలలో వచ్చేస్తాయి, నాకేం భయం లేదు. నా భయమంతా చేత్తో నడిపే మాన్యువల్ లేత్ (ముక్కని తిప్పుతూ చెక్కేది), మాన్యువల్ మిల్లింగ్ మెషిన్ (టూల్ తిరుగుతూ చెక్కేది) క్లాసుని "పాతకాలంది, పాస్ అయితే చాలు" అని దాటేస్తావేమోనని. అలా చెయ్యకు తల్లీ. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్ తలుపు మూసుకుని కూలెంట్, అదే చల్లబరిచే ద్రవం, కొడుతుంటే లోపల ఏం జరుగుతోందో కనపడదు, హ్యాండిల్ నీ చేత్తో తిప్పితేనే టూల్ ఎక్కడ బిగుస్తోందో, ఎక్కడ వణుకుతోందో, రజను నీలంగా ఎందుకొస్తోందో తెలుస్తుంది. చూడు, ఆర్పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు అనే లెక్క ఉంది కదా, నిమిషానికి అడుగుల్లో ఉన్న కటింగ్ స్పీడుని 3.82తో గుణించి అంగుళాల్లో ఉన్న డయామీటర్‌తో భాగించడం, మైల్డ్ స్టీల్‌కి హైస్పీడ్ స్టీల్ టూల్‌తో నిమిషానికి 100 అడుగులు అనుకుంటే రెండించుల రాడ్‌కి 191 ఆర్పీఎం వస్తుంది, అరంగుళం రాడ్‌కి 764. కాగితం మీద ఇది చిన్న భాగహారం. లేత్ ముందు నిలబడి అదే రెండించుల రాడ్‌ని 764లో తిప్పి టూల్ మొన కాలిపోవడం ఒకసారి చూశావంటే ఆ లెక్క జన్మలో మర్చిపోవు.

అందుకే ఓపెన్ ల్యాబ్ టైములు కనుక్కో. క్లాసులో ఇరవై మంది ఉంటే మెషిన్ నీ చేతికొచ్చేది కాసేపే, ల్యాబ్ ఖాళీగా ఉండే గంటల్లో వెళ్ళు, సామాన్లిచ్చే ల్యాబ్ టెక్నీషియన్‌తో మర్యాదగా ఉండు, ఆయన దగ్గరుండే విద్య పుస్తకంలో దొరకదు. బాలానగర్‌లో మెషిన్ ముట్టుకోనివ్వడానికే మా మేస్త్రి నాచేత ఆర్నెల్లు ఆకురాయి పట్టించాడు, ఇక్కడ ఇరవై ఏళ్ళ పిల్లకి మెషినిచ్చి నేర్చుకోమంటున్నారంటే అది ఎంత అదృష్టమో!

కొలతల క్లాసు, మెట్రాలజీ అంటారు, ఆ పేరు చూసి బోర్ అనుకోకు. నేను ఈ దేశంలో మొదటి ఏడాది చేసిన పని చెప్తా. పదించుల స్టీల్ షాఫ్టు, టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, పొడవులో ప్లస్ ఆర్ మైనస్ ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు. సాయంత్రం మెషిన్ మీంచి తీసి వేడిమీదే వెంటనే కొలిచా, సరిగ్గా సైజులో ఉంది, సంతోషంగా ఇంటికెళ్ళా. పొద్దున్న ఇన్‌స్పెక్షన్ రూమ్‌లో అది పొట్టి అని తేలింది. పదిహేను ముక్కలు, అన్నీ స్క్రాప్. ఎవరూ అరవలేదు, ఇన్‌స్పెక్టర్ నన్ను పక్కన కూర్చోబెట్టి లెక్క చూపించాడు: స్టీల్ ఒక్కో అంగుళానికి ఒక్కో డిగ్రీ ఫారెన్‌హీట్‌కి అంగుళంలో పది లక్షల వంతుల్లో ఆరున్నర పెరుగుతుంది, పదించుల ముక్క 20 డిగ్రీలు వేడెక్కితే 1.3 థౌ. అల్యూమినియం అయితే దానికి రెట్టింపు. కొలతలకి ప్రపంచమంతా ఒప్పుకున్న టెంపరేచర్ 68 డిగ్రీలు, మన లెక్కలో 20 సెల్సియస్. అన్నేళ్ళ అనుభవముండి నాకది తెలీదు, ఎందుకంటే బాలానగర్‌లో మేం చేసిన జాబులకి అంత టైట్ టాలరెన్స్ ఎప్పుడూ రాలేదు. ఆ రోజు రాత్రి నిద్రపట్టలేదు. నీకు మొదటి సెమిస్టర్‌లోనే చెప్తారు కదా, జాగ్రత్తగా రాసుకో.

జీడీ అండ్ టీ, అంటే డ్రాయింగ్‌లో ఆకారానికి, స్థానానికి ఎంత తేడా ఒప్పుకుంటారో గుర్తులతో చెప్పే పద్ధతి, వచ్చినప్పుడు కూడా గుర్తులు బట్టీ పట్టొద్దు, ఎందుకు పుట్టిందో చూడు. రంధ్రం సెంటర్ అటూ ఇటూ, పైకీ కిందకీ 5 థౌ జరగొచ్చు అంటే అది పది థౌల చదరం, మూలల్లో మాత్రం సెంటర్ నుంచి 7 థౌ దాకా వెళ్ళొచ్చు. మూలలో 7 ఒప్పుకునేవాడు పక్కన 6 ఎందుకు ఒప్పుకోడు? బోల్టుకి దిక్కులతో పనేముంది! అందుకే చదరం తీసేసి 14 థౌల డయామీటర్ ఉన్న గుండ్రటి జోన్ ఇస్తారు, దాంతో దాదాపు 57 శాతం ఎక్కువ చోటు దొరుకుతుంది, పనికొచ్చే ముక్కలు చెత్తబుట్టలోకి పోవు. నాకు అర్థమైన రోజు ఇంటికొచ్చి మీ అత్తయ్యకి చపాతీ పీట మీద పిండితో గీసి చూపించా.

జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. లేత్ దగ్గర గ్లవ్స్ వద్దు, చేతులకి గాజులు, ఉంగరం, మెళ్ళో గొలుసు ఏవీ వద్దు, అమ్మ ఏమన్నా సరే ల్యాబ్ రోజు తీసి ఇంట్లో పెట్టు, జుట్టు ముడేసి టోపీలో పెట్టుకో. చక్ కీ, అంటే ముక్కని పట్టే చక్‌ని బిగించే తాళం, చేతిలోంచి వదిలావంటే అది చక్‌లో ఉండకూడదు, అంతే. మాతో పనిచేసిన ఒకతను గ్లవ్స్‌తో డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర నిలబడి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు, అప్పటికి పెళ్ళై నెల కూడా కాలేదు. సీఎన్‌సీలో కొత్త ప్రోగ్రామ్ మొదటిసారి నడిపేటప్పుడు ర్యాపిడ్, అంటే కోత లేనప్పుడు టూల్ పరిగెత్తే వేగం, తగ్గించి, సింగిల్ బ్లాక్‌లో, అంటే ఒక్కో లైను చొప్పున, జాబ్ పైన అంగుళం ఎత్తులో గాల్లో తిప్పి చూడు, టూల్ ఆఫ్‌సెట్, అదే మెషిన్‌కిచ్చిన టూల్ కొలత, రెండోసారి చూసుకో. పక్కవాళ్ళు తొందరపెడితే పెట్టనీ.

డబ్బు సంగతి, చదువుకి ప్రభుత్వ సాయం అడిగే ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ ఫారం నింపడం లేట్ చెయ్యకు. ఇంకా మంచి దారి అప్రెంటిస్‌షిప్, కంపెనీ జీతమిస్తూ చాలాచోట్ల ఫీజు కూడా కడుతుంది, టూల్ అండ్ డైకి, అంటే అచ్చులు, పనిముట్లు తయారుచేసే పనికి, మామూలుగా 8,000 గంటలు, అంటే నాలుగేళ్ళ పని, దాంతోపాటే క్లాసులు. మొదటి సెమిస్టర్ అయ్యాక మా షాపుల్లో ఎవరు తీసుకుంటున్నారో నేను కనుక్కుని చెప్తా. ఈలోపు నిమ్స్ అనే మెషినిస్టు నైపుణ్య సర్టిఫికెట్ ఒకటైనా తెచ్చుకో, దానికి పరీక్ష ఒక్కటే కాదు, నువ్వు చేసిన ముక్కని కొలిచి చూస్తారు, షాపు వాళ్ళు నమ్మేది దాన్నే.

ల్యాబ్‌లో ఆడపిల్లవి నువ్వొక్కదానివే అయితే మొదట్లో ఎవరో ఒకరు "నేను బిగిస్తాలే" అని నీ చేతిలో రెంచి తీసుకుంటారు, మంచి మనసుతోనే కావచ్చు. ఇవ్వకు. నువ్వే బిగించు, బిగుతు సరిపోయిందో లేదో వాళ్ళని చూడమను.

శనివారం వస్తా. నా పాత మైక్రోమీటర్ మిల్లీమీటర్లది, బాలానగర్‌లో మొదటి జీతాలు కూడబెట్టి కొన్నది, నీ క్లాసుకి ఇంచులది కావాలి కాబట్టి కొత్తది కొనుక్కొస్తా, రెండూ నీ దగ్గరే ఉంచుకో. ఇంట్లో ఉన్న నాణేలన్నీ తీసిపెట్టు, ఒక్కోటి పదిసార్లు కొలుద్దాం, పదిసార్లూ ఒకే అంకె వచ్చేదాకా నేను లేవను, అమ్మని మాత్రం కాఫీ పెట్టమను.

మావయ్య