వెన్నులో ఇచ్చే మత్తు తగ్గించమని అడగవచ్చా?

ప్రశ్న: మొదటి కాన్పు సిజేరియన్. అప్పుడు వెన్నులో మత్తు ఇచ్చిన కాసేపటికే బీపీ పడిపోయి వాంతులయ్యాయి. వచ్చే నెలలో రెండో ఆపరేషన్. నా బరువు 82 కిలోలు, మా తోడికోడలిది 55. అయినా ఇద్దరికీ ఒకే మోతాదు ఇచ్చారట. ఈసారి మందు తగ్గించమని అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: అడగవచ్చునమ్మా, కానీ ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. ఈ మత్తును చాలా మందుల్లా కిలోల లెక్కన ఇవ్వరు. గర్భిణిలో పెరిగిన గర్భాశయం పొట్టలోని పెద్ద సిరను అదమడంవల్ల వెన్నెముక లోపలి సిరలు ఉబ్బి, వెన్ను ద్రవానికి చోటు తగ్గిస్తాయి. హార్మోన్ల మార్పులవల్ల నరాలకు మందు తేలిగ్గా పడుతుంది. అందుకే కాన్పుకు వచ్చిన స్త్రీకి మామూలు మనిషికన్నా తక్కువ మందే చాలుతుంది. బరువు ఎక్కువైనంత మాత్రాన మోతాదు పెంచనక్కరలేదు, కనుక మీ ఇద్దరికీ ఒకే మోతాదు ఇవ్వడం పొరపాటు కాదు.

సాధారణంగా వాడేది 0.5 శాతం 'హెవీ' (వెన్ను ద్రవంకన్నా బరువైన) బుపివకైన్ అనే మత్తుమందు. ఒక మిల్లీలీటరులో 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 2 నుంచి 2.4 మిల్లీలీటర్లు, అంటే 10 నుంచి 12 మిల్లీగ్రాములు ఇవ్వడం పరిపాటి, తరచు దానితో ఫెంటానిల్ అనే నొప్పిమందు కూడా కాస్త కలుపుతారు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఫెంటానిల్, మార్ఫిన్ కలిపి ఇచ్చినప్పుడు, ఆపరేషన్ నొప్పి లేకుండా ముగియడానికి సగం మందికి 7.6 మిల్లీగ్రాములు సరిపోగా, నూటికి తొంభై అయిదుగురికి సరిపోవాలంటే 11.2 మిల్లీగ్రాములు కావలసివచ్చింది. మీరు ఆ సగంలో ఉంటారో లేదో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. మోతాదు బాగా తగ్గిస్తే బీపీ పడిపోవడం తగ్గుతుంది, నిజమే. కానీ బిడ్డను తీశాక గర్భాశయాన్ని కుట్టేటప్పుడు నొప్పి తెలిసే ప్రమాదం పెరుగుతుంది. బీపీ పడితే సరిచేసే మందు చేతిలోనే ఉంటుంది గనుక, నా మట్టుకు నేను మందు తగ్గించడంకన్నా బీపీని కాచుకోవడమే మేలంటాను.

(మత్తు ఇచ్చేటప్పుడు దేన్ని కనిపెట్టి ఉండాలన్న వాదం మన ఊరికి కొత్త కాదు. క్లోరోఫాం ముందుగా గుండెను ఆపుతుందా, ఊపిరినా అని తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాదులోనే రెండు కమిషన్లు పనిచేశాయి.)

మీకు అప్పుడు వాంతులైంది బీపీ పడిపోవడంవల్లే కావచ్చు. ఇప్పుడు మత్తు ఇచ్చిన క్షణం నుంచే బీపీని నిలబెట్టే ఫినైలెఫ్రిన్ మందును సన్నగా ఎక్కించడం, పడుకోబెట్టేటప్పుడు ఎడమకు కాస్త ఒరిగించడం పద్ధతి. ఈ రెండూ చేస్తారా అని ఆపరేషన్‌కు ముందు మిమ్మల్ని చూడవచ్చే మత్తు డాక్టరుగారిని అడగండి. పాత ఆసుపత్రి నుంచి మత్తు చార్టు నకలు తెచ్చి చూపిస్తే ఎంత మందు ఇచ్చారో, బీపీ ఎప్పుడు ఎంత పడిందో ఆయనకు తెలుస్తుంది.

కోతకు ముందు చల్లని స్ప్రేతోనో ఐసుతోనో మత్తు రొమ్ముల ఎత్తువరకు ఎక్కిందా అని చూస్తారు. అప్పుడు మొహమాటపడక ఉన్నదున్నట్టు చెప్పండి. కడుపులో లాగినట్టు, నొక్కినట్టు ఉండటం మామూలే. నొప్పి అయితే మాత్రం ఓర్చుకోకండి; వెంటనే చెబితే వేరే మందు ఇస్తారు, అవసరమైతే పూర్తి మత్తులోకి మారుస్తారు.